పోలీసు ఉద్యోగానికి చదువు, శిక్షణ - నాటి నుండి నేటి వరకు



ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నాబోటి గుమాస్తాకు చరిత్ర ఏమి తెలుసని తప్పించుకోబోయాను. ఆ వారంలోనే మా పెద్దమ్మాయి కూతురు ఇంటికి వచ్చింది. డిగ్రీ పూర్తి చేసి సబ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకు చదువుతున్నది. భోజనాల దగ్గర, "తాతయ్యా, నువ్వు ముప్పయ్యారేళ్ళు పోలీసు ఆఫీసులోనే పనిచేశావు గదా, ట్రైనింగులో అసలు ఏం నేర్పుతారు?" అని అడిగింది. పరుగు, డ్రిల్లు, చట్టాలు అని ఏదో చెప్పాను. "అవి అందరూ చెప్పేవే" అన్నది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆమెకు చెప్పవలసిన సమాధానమే ఈ వ్యాసం.

నేను 1972లో ఒక జిల్లా పోలీసు కార్యాలయంలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2008లో ఆఫీసు సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేశాను. ఒక్కరోజు కూడా ఖాకీ తొడుక్కోలేదు. కాని వందలమంది కానిస్టేబుళ్ళ సర్వీసు రిజిస్టర్లు నా చేతుల మీదుగా నడిచాయి. ఒక మనిషి పోలీసు కావడం కాగితం మీద ఎలా ఉంటుందో, బయట ఎలా ఉంటుందో రెండూ చూసినవాణ్ణి.

తహసీల్దారే పోలీసు అయిన కాలం

మన సర్కారు జిల్లాలు, దత్త మండలాలు మద్రాసు రాజధానిలో ఉండేవన్నది అందరికీ విదితమే. 1816 నాటి రెగ్యులేషను ప్రకారం పోలీసు పని గ్రామంలో మునసబుకు, తలారికి, తాలూకాలో తహసీల్దారుకు అప్పగించారు. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, దొంగను పట్టేదీ ఆయనే. ప్రత్యేకంగా పోలీసు అనే ఉద్యోగం లేనప్పుడు దానికి చదువు, శిక్షణ అన్న ప్రశ్నే లేదు.

దాని ఫలితం ఎలా ఉన్నదో 1855లో బయటపడింది. శిస్తు కోసమూ, నేరం ఒప్పించడం కోసమూ రైతులను హింసిస్తున్నారన్న ఫిర్యాదులపై ప్రభుత్వం ముగ్గురు సభ్యులతో విచారణ సంఘాన్ని వేసింది. ఎండలో వంగబెట్టి నిలబెట్టడం, వేళ్ళను చెక్కల మధ్య పెట్టి నొక్కడం వంటివి జరుగుతున్నాయని ఆ సంఘమే తన నివేదికలో ఒప్పుకున్నది. శిస్తు అధికారమూ, పోలీసు అధికారమూ ఒకే చేతిలో ఉండరాదన్న మాట అప్పుడు బలపడింది.

ఆ తరువాతనే 1859లో మద్రాసు జిల్లా పోలీసు చట్టం వచ్చింది. రెవిన్యూ నుండి పోలీసును వేరు చేశారు. విలియం రాబిన్సన్ అనే దొర మద్రాసు పోలీసుకు మొదటి అధిపతి. రెండేళ్ళ తరువాత, 1861లో, దేశం మొత్తానికి పోలీసు చట్టం వచ్చింది. అంటే ఆ విషయంలో మద్రాసు ముందు నడిచిందన్నమాట.

అయితే కొత్త బలగానికి నేర్పినది ఏమిటి? ముఖ్యంగా డ్రిల్లే. 1857 తిరుగుబాటు ముగిసిన రోజులవి. ప్రభుత్వానికి కావలసినది వరుసలో నిలబడి ఆజ్ఞ పాటించే మనిషి. కానిస్టేబుల్‌కు పెద్దగా చదువు అక్కరలేదు, దేహదారుఢ్యం చాలునని భావించారు. దర్యాప్తు అనేది అనుభవం మీద అబ్బేదే తప్ప తరగతి గదిలో నేర్పేది కాదని అనుకున్నారు. ఈ అభిప్రాయం ఎంత లోతుగా నాటుకుపోయిందంటే, నూటపాతికేళ్ళ తరువాత మా ఆఫీసులో కూడా నేను దానిని చూశాను. ఆ సంగతి ముందు చెబుతాను.

ఫ్రేజర్ కమిషన్

1902లో కర్జన్ ప్రభువు పోలీసు కమిషన్‌ను నియమించాడు. దాని అధ్యక్షుడు సర్ ఆండ్రూ ఫ్రేజర్. కమిషన్ 1903లో నివేదిక ఇచ్చింది. పోలీసులకు సరియైన శిక్షణ లేదు, పర్యవేక్షణ చాలదు, లంచగొండులన్న పేరున్నది, ప్రజలకు వారిపై నమ్మకం లేదు అని దాచుకోకుండా వ్రాసింది. తెల్లదొరలే తమ పోలీసు గురించి అలా వ్రాశారంటే పరిస్థితి ఊహించుకోవచ్చును.

ఆ కమిషన్ సిఫార్సులలో మనకు సంబంధించినవి మూడు. మొదటిది, కానిస్టేబుల్‌కు కనీసం నెలకు 8 రూపాయల జీతం ఉండాలి. ఆకలితో ఉన్నవాడికి ఎంత శిక్షణ ఇచ్చినా ప్రయోజనం లేదు. రెండవది, స్టేషనుకు అధికారిగా సబ్ ఇన్‌స్పెక్టరు ఉండాలి, ఆ ఉద్యోగానికి చదువుకున్న యువకులను నేరుగా తీసుకోవాలి. మూడవది, ఆ అధికారులకు రాష్ట్ర స్థాయిలో శిక్షణ పాఠశాల, కానిస్టేబుళ్ళకు వేరే పాఠశాలలు ఉండాలి. ఇవాళ మన పిల్లలు వ్రాసే ఎస్.ఐ. పరీక్షకు మూలం ఆ రెండవ సిఫార్సులో ఉన్నది.

మద్రాసు రాజధానిలో శిక్షణకు పెద్ద దిక్కు వేలూరు. అక్కడి కోటలో పోలీసు శిక్షణ పాఠశాల నడిచేది. మన తెలుగు జిల్లాల నుండి ఎంపికైన సబ్ ఇన్‌స్పెక్టర్లు ట్రంకు పెట్టె, పరుపు చుట్ట కట్టుకుని రైలెక్కి వేలూరు వెళ్ళేవారు. నేను సర్వీసులో చేరిన కొత్తలో ఒకరిద్దరు వయసు మళ్ళిన అధికారులు "మేము వేలూరు బ్యాచి" అని చెప్పుకోవడం విన్నాను. ఆ మాట చెప్పేటప్పుడు కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టుకునేవారు.

ఇక పై అధికారుల సంగతి. 1893 నుండి లండన్‌లో పోటీ పరీక్ష పెట్టి తెల్లవారిని అసిస్టెంటు సూపరింటెండెంట్లుగా తీసుకునేవారు. ఆ సర్వీసు తలుపులు భారతీయులకు తెరుచుకున్నది 1920 తరువాతనే. కలకత్తాలో మాత్రం 1897లోనే వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ప్రపంచంలో అటువంటి వాటిలో మొదటిది అదేనంటారు. ఆ పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు సబ్ ఇన్‌స్పెక్టర్ల కృషి ఎంతో ఉన్నా, పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డు హెన్రీది అయింది. చదువుకున్న సబ్ ఇన్‌స్పెక్టరు ఏమి చేయగలడో ఆ ఇద్దరూ చూపించారు.

నిజాం ఇలాకాలో

తెలంగాణ ప్రాంతంలో మాటలే వేరు. అక్కడ సబ్ ఇన్‌స్పెక్టరును అమీను అనేవారు, జిల్లా సూపరింటెండెంటును మొహతమీం అనేవారు, కానిస్టేబుల్ జవాను. నగర పోలీసుకు అధిపతి కొత్వాలు. సాలార్‌జంగు సంస్కరణల కాలంలో అక్కడ కూడా రెవిన్యూ, పోలీసు శాఖలు ఒక పద్ధతికి వచ్చాయి. కాగితాలన్నీ ఉర్దూలోనే.

అక్కడ అందరూ తలచుకునే పేరు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారిది. వనపర్తి సంస్థాన ప్రాంతంలో 1869లో పుట్టి, అమీనుగా చేరి, అంచెలంచెలుగా ఎదిగి 1920 నుండి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేశారు. పల్లెల నుండి నగరానికి వచ్చే విద్యార్థుల కోసం హాస్టలు నెలకొల్పడంలో ముందు నిలిచినదీ ఆయనే. తెలంగాణ పోలీసు అకాడమీకి ఆయన పేరే పెట్టారు. ఒక పోలీసు అధికారి పేరు లాఠీ వల్ల గాక విద్యాసేవ వల్ల కూడా నిలుస్తుందనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

స్వతంత్రం వచ్చిన తరువాత

1948 సెప్టెంబరు 15వ తేదీన రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో ఐ.పి.ఎస్. అధికారుల కోసం కేంద్ర పోలీసు శిక్షణ కళాశాల ప్రారంభమైంది. 1967లో దానికి జాతీయ పోలీసు అకాడమీ అన్న పేరు వచ్చింది. 1974లో సర్దార్ వల్లభాయి పటేల్ పేరు చేర్చి, 1975లో హైదరాబాదుకు తరలించారు. అప్పటి నుండి దేశంలోని ప్రతి ఐ.పి.ఎస్. అధికారీ మన హైదరాబాదు మట్టి తొక్కి వెళ్ళినవారే.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక వేలూరు మనకు పరాయి రాష్ట్రమైంది. అనంతపురం పోలీసు శిక్షణ కళాశాలకు ప్రాముఖ్యం వచ్చింది. 1956లో మద్రాసు పద్ధతిలో తయారైన పోలీసు, నిజాం పద్ధతిలో తయారైన పోలీసు ఒకే శాఖలోకి వచ్చారు. ఒకరికి ఇంగ్లీషు స్టాండింగ్ ఆర్డర్లు కంఠతా వచ్చు, ఇంకొకరికి ఉర్దూ దస్తూరి వచ్చు. ఇద్దరినీ ఒక దారిలో నడిపించడం ఆనాటి అధికారులకు చిన్న పని కాదు. 1986లో హైదరాబాదు శివార్లలో హిమాయత్‌సాగర్ దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు అకాడమీ ఏర్పడింది. 2014 రాష్ట్ర విభజన తరువాత ఆ ప్రాంగణం తెలంగాణది అయింది. ఆంధ్రప్రదేశ్‌కు అనంతపురం, ఒంగోలు, విజయనగరం, తిరుపతి దగ్గర కళ్యాణి డ్యాం శిక్షణ కళాశాలలు ఉన్నాయి.

అర్ధ అంగుళం

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పుకోవాలి. బి.ఏ. పూర్తి కాగానే నేనూ ఎస్.ఐ. ఎంపికకు వెళ్ళాను. పరేడ్ మైదానంలో తెల్లవారుజామున వరుసలో నిలబెట్టి ఎత్తు కొలిచారు. అయిదడుగుల ఆరంగుళాలు ఉండాలి. నాకు అర్ధ అంగుళం తక్కువ వచ్చింది. మడమలు కొద్దిగా ఎత్తబోయాను. కొలిచే హెడ్ కానిస్టేబులు నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా నొక్కి, "పో నాయనా, నీకు రాసే ఉద్యోగం వస్తుందిలే" అన్నాడు. మరుసటి సంవత్సరం అదే శాఖలో గుమాస్తాగా చేరాను.

ఇప్పటి నోటిఫికేషన్లలో పురుషులకు ఎత్తు 167.6 సెంటీమీటర్లు, ఛాతీ 86.3 సెంటీమీటర్లు, ఊపిరి పీలిస్తే 5 సెంటీమీటర్లు పెరగాలి అని ఉంటుంది. ఇవేం లెక్కలని పిల్లలు ఆశ్చర్యపోతారు. అయిదడుగుల ఆరంగుళాలు, ముప్పైనాలుగంగుళాలు, రెండంగుళాలు - వీటినే మెట్రిక్కులోకి మార్చారు. కొలత బద్ద మారింది గాని కొలత మారలేదు. శరీరాన్ని కొలవడంలో మనం మొదటి నుండి గట్టివాళ్ళమే. మిగిలినది కొలవడంలోనే వెనుకబడ్డాము.

నేను పంపిన జాబితా

మా ఆఫీసులో శిక్షణకు సంబంధించిన ఫైళ్ళు కొంతకాలం నా సీటులో ఉండేవి. శిక్షణ కళాశాల నుండి ఉత్తరం వచ్చేది: ఫలానా తేదీ నుండి రెండు వారాల కోర్సు, నేరస్థల పరిశీలన గురించి, మీ జిల్లా నుండి ఇద్దరిని పంపండి అని. మేము ఎవరిని పంపేవాళ్ళము? పని చేసేవాణ్ణి ఏ స్టేషనూ వదలదు. బందోబస్తు ఉన్నది, కోర్టు డ్యూటీ ఉన్నది అని జవాబు వచ్చేది. చివరికి రిటైరుమెంటుకు దగ్గరపడినవారో, ఎవరికీ అక్కరలేనివారో, పై అధికారికి కోపం వచ్చినవారో వెళ్ళేవారు. శిక్షణ అంటే శిక్ష అని మాలో మేమే నవ్వుకునేవాళ్ళము. ఈ రెండు మాటలకూ సంస్కృతంలో ధాతువు ఒకటేనని మా ఆఫీసులో ఒక పండితుడు చెప్పాడు. అప్పుడు అది హాస్యంగానే తోచింది.

1992లో కృష్ణా పుష్కరాలకు ముందు అటువంటి ఉత్తరమే వచ్చింది. ఒక స్టేషనులోని హెడ్ కానిస్టేబులు పేరు మొదట అనుకున్నారు. మనిషి మంచివాడు, చురుకైనవాడు, లంచం ఎరుగడు. పుష్కరాల బందోబస్తుకు ఆయన కావాలని స్టేషను నుండి కబురు వచ్చింది. ఆయన పేరు కొట్టివేసి, ఆరునెలల్లో రిటైరు కాబోయే మరొకరి పేరు వ్రాస్తూ నోటు పెట్టినది నేనే. ఎస్.పి. గారు సంతకం చేశారు. ఫైలు మూసేశాము.

మరుసటి సంవత్సరం ఆ స్టేషను పరిధిలో ఒక ఊరిలో పెళ్ళయిన మూడేళ్ళకే ఒక అమ్మాయి ఒళ్ళు కాలి చనిపోయింది. మొదట ఆ ఇంటికి చేరినది ఆ హెడ్ కానిస్టేబులే. అధికారులు వచ్చేలోగా ఇంటివారు వంటగది కడిగేశారు. శవాన్ని చూడడానికి ఆడవాళ్ళు వస్తారు, శుభ్రం చేస్తామంటే ఆయన సరేనన్నాడు. కిరసనాయిలు డబ్బాను తానే చేత్తో పట్టుకుని తెచ్చి జీపులో పెట్టాడు. దురుద్దేశం ఏమీ లేదు. కేసు కోర్టుకు వెళ్ళింది. సాక్ష్యం నిలబడలేదు. ముద్దాయిలను వదిలేశారు.

శాఖాపరమైన విచారణలో ఆ హెడ్ కానిస్టేబులు ఇచ్చిన వాంగ్మూలాన్ని శుభ్రప్రతి తీసింది కూడా నేనే. అందులో ఆయన ఒక్క మాట అన్నాడు: అలా చేయకూడదని నాకు ఎవరూ చెప్పలేదు అని. ఆయనకు ఇంక్రిమెంటు నిలిపివేశారు. ఆ ఉత్తర్వును సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో ఎక్కించేటప్పుడు, శిక్షణల పేజీ తిరగేశాను. ఉద్యోగంలో చేరినప్పటి ప్రాథమిక శిక్షణ తరువాత ఇరవైరెండేళ్ళలో ఒక్క ఎంట్రీ లేదు. ఆ అమ్మాయి తండ్రి తీర్పు నకలు కోసం తిరుగుతూ ఒకరోజు మా ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. నకలు కోర్టులో ఇస్తారని చెప్పి పంపాను. ఇంకేమీ చెప్పలేకపోయాను.

ఆ హెడ్ కానిస్టేబులు కోర్సుకు వెళ్ళి ఉంటే కేసు నిలిచేదని నేను అనను. న్యాయస్థానాల సంగతి ఎవరు చెప్పగలరు? కాని ఆ వంటగదిని కడగనిచ్చేవాడు కాడని మాత్రం నాకు నమ్మకం. ఆ తరువాత నాకు చేతనైన పని ఒకటి చేశాను. కళాశాల నుండి ఉత్తరం వచ్చినప్పుడల్లా, పదేళ్ళుగా ఏ శిక్షణకూ వెళ్ళనివారి పేర్లు రిజిస్టర్ల నుండి తీసి, జాబితా చేసి, ఫైలుకు జత పరిచి పైకి పంపేవాణ్ణి. కొందరు ఎస్.పి.లు దానిని చూసేవారు, కొందరు చూసేవారు కాదు. గుమాస్తా చేయగలిగినది అంతే.

పెద్దలు చెప్పినది

నేను ఆఫీసులో చూసినది నేనొక్కణ్ణే కనిపెట్టినది కాదు. 1971లో ప్రభుత్వం పోలీసు శిక్షణపై ప్రొఫెసర్ ఎం.ఎస్. గోరే అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. అది 1973లో నివేదిక ఇచ్చింది. శిక్షణలో డ్రిల్లుకు ఇచ్చిన స్థానం మనిషి వైఖరికి, ప్రజలతో మెలిగే తీరుకు ఇవ్వడంలేదని, శిక్షణ సంస్థలలో మంచి అధ్యాపకులు ఉండాలని దాని సారాంశం. 1977లో ధర్మవీర గారి అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ ఏర్పడి, 1979 నుండి 1981 వరకు ఎనిమిది నివేదికలు సమర్పించింది. మొదటి నివేదికలోనే కానిస్టేబుల్ సంగతి ఎత్తుకున్నది. అతడు చేసేది నైపుణ్యం లేని కూలిపని కాదు, నైపుణ్యం గల పని, దానికి తగిన చదువు, జీతం, శిక్షణ ఉండాలి అన్నది. 1861 చట్టం కానిస్టేబుల్‌ను చెప్పిన మాట వినే మనిషిగా చూస్తే, ఈ కమిషన్ ఆలోచించే మనిషిగా చూసింది. ఆ చూపు మారడానికి నూటపద్దెనిమిదేళ్ళు పట్టింది.

తరువాత న్యాయస్థానాలు కూడా పోలీసు నేర్చుకోవలసిన పాఠాలను పెంచాయి. అరెస్టు చేసేటప్పుడు పాటించవలసిన నియమాలను 1996లో డి.కె. బసు కేసులో సుప్రీం కోర్టు నిర్దేశించింది. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో దర్యాప్తును శాంతిభద్రతల పని నుండి వేరు చేయమన్నది. నేరం జరిగినట్లు సమాచారం స్పష్టంగా ఉంటే ఎఫ్.ఐ.ఆర్. తప్పనిసరిగా నమోదు చేయాలని 2013లో లలితాకుమారి కేసులో చెప్పింది. అనవసరంగా అరెస్టు చేయవద్దని 2014లో అర్నేశ్ కుమార్ కేసులో చెప్పింది.

నేటి చదువు, నేటి శిక్షణ

మా మేనమామ స్వతంత్రానికి ముందు అయిదవ తరగతితో కానిస్టేబులయ్యాడు. నేను చేరిన రోజుల్లో కూడా సంతకం తప్ప ఎక్కువ వ్రాయలేని పాత హెడ్ కానిస్టేబుళ్ళు ఉండేవారు. ఊరిలో ప్రతి ఇంటి సంగతీ వారికి తెలిసేది, కాని కేసు డైరీ వ్రాయడానికి ఇంకొకరిని బ్రతిమాలుకునేవారు. ఇప్పుడు రెండు రాష్ట్రాలలోనూ కానిస్టేబులుకు ఇంటర్మీడియట్, ఎస్.ఐ.కి డిగ్రీ ఉండాలి. షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులకు కొంత సడలింపు ఉన్నది. వచ్చేవారిలో ఇంజనీరింగు, ఎం.సి.ఏ. చదివినవారు కూడా ఉంటున్నారు.

మన కుటుంబాలలోని పిల్లలకు పనికివస్తుందని దారులు చెబుతాను. కానిస్టేబులు, ఎస్.ఐ. ఉద్యోగాలకు పోలీసు నియామక మండలి నోటిఫికేషను ఇస్తుంది. డి.ఎస్.పి.కి పబ్లిక్ సర్వీస్ కమిషన్ వారి గ్రూప్-1, ఐ.పి.ఎస్.కు యు.పి.ఎస్.సి. సివిల్ సర్వీసు పరీక్ష. మండలి వారి ఎంపికలో మొదట ప్రాథమిక వ్రాత పరీక్ష, తరువాత శరీర కొలతలు, పరుగు, లాంగ్ జంప్, ఆ తరువాత తుది వ్రాత పరీక్ష. పూర్వం 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. ఆ పరుగులో కుప్పకూలి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లలున్నారు. ఇప్పుడు దానిని తీసివేసి 1600 మీటర్లు, 100 మీటర్లు పెట్టారు. ఏమైనా వైద్యుడికి చూపించుకోకుండా ఎండలో పరుగు సాధన చేయనివ్వకండి. వయస్సు నిబంధనలు మారుతుంటాయి గనుక ప్రతి నోటిఫికేషనూ స్వయంగా చదువుకోవాలి.

ఇంకొక మాట. ఎంపికైన తరువాత అటెస్టేషను ఫారం నింపాలి. అందులో తమపై ఏదైనా కేసు ఉన్నదా అని అడుగుతారు. కాలేజీ గొడవలో పెట్టిన చిన్న కేసే గదా, కొట్టివేశారు గదా అని దాచిపెట్టి ఉద్యోగం పోగొట్టుకున్నవారి ఫైళ్ళు నేను చూశాను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీం కోర్టు ఈ విషయం వివరంగా చర్చించింది. ఉన్నది ఉన్నట్లు వ్రాస్తే అధికారులు ఆలోచించడానికి వీలుంటుంది. దాస్తే ఆ దాచడమే తప్పవుతుంది.

ఎంపికైన కానిస్టేబులుకు తొమ్మిది నెలలు, ఎస్.ఐ.కి ఒక సంవత్సరం శిక్షణ. తెల్లవారుజామున వ్యాయామం, డ్రిల్లు, ఆయుధాల వాడకం. పగలు తరగతులు: చట్టాలు, దర్యాప్తు, వేలిముద్రలు, వైద్య న్యాయశాస్త్రం, ప్రథమ చికిత్స, కంప్యూటరు, సైబరు నేరాలు, మానవ హక్కులు. ఎస్.ఐ.లు శిక్షణ తరువాత స్టేషనులో ప్రాక్టికల్‌గా పని నేర్చుకోవాలి. 2024 జూలై 1 నుండి ఇండియన్ పీనల్ కోడ్, క్రిమినల్ ప్రొసీజరు కోడ్, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చాయి. 1860 నాటి సెక్షన్లు నాలుకపై ఉన్నవారందరూ మళ్ళీ బడిపిల్లలయ్యారు. హత్యకు 302 అన్నది ఇప్పుడు 103. మోసానికి మనం 420 అనేవాళ్ళము, ఇప్పుడది 318. సోదాలు జరిపేటప్పుడు వీడియో తీయాలి. ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలన్న నియమం చేశారు.

ఈ చివరి నియమం గురించి చదివినప్పుడు నాకు 1993 నాటి ఆ వంటగది గుర్తుకు వచ్చింది. నియమం మంచిదే. కాని ఆ నిపుణులు వచ్చేలోగా గుమ్మం దగ్గర నిలబడవలసినది ఎవరు? మొదట చేరిన కానిస్టేబులే. లోపలికి ఎవరినీ పోనివ్వకూడదని అతడికి ఎవరైనా చెప్పి ఉండాలి. ఒకసారి చెబితే చాలదు, ప్రతి నాలుగైదేళ్ళకు మళ్ళీ చెప్పాలి.

మనవరాలికి చెప్పినది

వ్యాసం ఇక్కడి వరకు వ్రాసి మా మనవరాలికి ఇచ్చి చదవమన్నాను. చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఆ హెడ్ కానిస్టేబులు గారు ఏమయ్యారు తాతయ్యా?" అని అడిగింది. సర్వీసు పూర్తి చేసుకుని రిటైరయ్యాడు, పెన్షను పేపర్లు నేనే చూశాను, ఇప్పుడు లేడు అని చెప్పాను.

ఆమెకు నేను చెప్పినవి మూడే మాటలు. శిక్షణలో డ్రిల్లు కష్టమనిపిస్తుంది, కాని అది నెలల్లో అలవాటైపోతుంది. చట్టం కష్టమనిపించదు, కాని అది జీవితాంతం చదవాలి. శిక్షణ ఇవ్వమని నీ అంతట నువ్వే అడుగు, పంపకపోతే మళ్ళీ కాగితం పెట్టు. నీ పేరు కొట్టేసే గుమాస్తా ఏ ఆఫీసులోనైనా ఒకడుంటాడు, అతడు చెడ్డవాడే కానక్కరలేదు.

మహిళా అభ్యర్థులకు ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. గోడకు నిలబెట్టి కొలిచాను. అయిదడుగుల ఒకటిన్నర అంగుళాలు వచ్చింది. కావలసినదానికన్న ఒకటిన్నర అంగుళం ఎక్కువే. మడమలు ఎత్తవలసిన పని లేదు.

మన సంఘంలో పోలీసు శాఖలో పనిచేసిన పెద్దలు చాలామంది ఉన్నారు. వేలూరు వారు ఇక మిగిలి లేరు గాని, అనంతపురంలో శిక్షణ పొందినవారు ఉన్నారు. వారు తమ అనుభవాలను ముందు సంచికలకు వ్రాసి పంపితే, పరీక్షలకు చదివే మన పిల్లలకు ఎంతో మేలు చేసినవారవుతారు. ఈ వ్యాసంలో పొరపాట్లుంటే పెద్దలు మన్నించి తెలియజేయ ప్రార్థన.